‘ఎవరూ రాలేదు’ అన్న మాటను కొట్టివేయుట గురించి

గౌరవనీయులైన బాలల సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

నాగర్‌కర్నూలులోని బాలల ఆశ్రమములో మానసిక సలహాదారుగా పనిచేయుచున్న నవనీత సమర్పించుకొను అర్జీ.

విషయం: ఐదవ తరగతి విద్యార్థి చి. జంగయ్యను అతని నాయనమ్మకు అప్పగించుట, అతని దస్త్రములోని ‘బంధువులెవరూ రాలేదు’ అన్న వాక్యమును కొట్టివేసి ఆ సంగతి బాలునికి తామే స్వయముగా తెలియజేయుట గురించి.

అయ్యా,

1. గత నెలలో ఈ బాలుడు చదువుచున్న గురుకుల పాఠశాల వంటగదిలో ఉదయపు ఉప్మా వండుచుండగా గ్యాసు అంటుకొని, పొగ పడకగదుల దాకా కమ్ముకొన్న సంగతి తమరు ఎరిగినదే. ప్రాణనష్టము జరుగలేదు. పిల్లలను దొరికిన బండ్లలో ఎక్కించి కొందరిని అమరచింతకు, కొందరిని పెద్దమందడిలోని పెండ్లి హాలుకు చేర్చినారు. హాజరు పట్టిక పొగలోనే ఉండిపోయినందున పిల్లలు చెప్పిన పేర్లనే కాగితము మీద వ్రాసుకొన్నారు. పిల్లలను ఎత్తుకుపోవువారు తిరుగుచున్నారన్న పుకారు ఉండుటచేత, ఆ కాగితములో ఉన్న పేరును తప్పులేకుండా చెప్పగలిగినవారికే బిడ్డను అప్పగించవలెనని నియమము పెట్టినారు. ఈ నియమమును నేను తప్పుపట్టుట లేదు. ఆ స్థానములో ఉండిన నేనూ అదే చేసియుందును.

2. బాలుని నాయనమ్మ తిరుపతమ్మ గద్వాల వాస్తవ్యురాలు. చీరలు నేయువారి ఇండ్లకు రాట్నము మీద కండెలు చుట్టి ఇచ్చును. కొడుకు, కోడలు మగ్గాల పనికి షోలాపూర్ పోయినందున మనుమనిని ఈమెయే పెంచుచున్నది. వార్త తెలియగానే చుట్టుచున్న నూలును అట్లే వదిలి, చేతిలో ఒక్క గుర్తింపు కాగితమైనను లేకుండా బయలుదేరినది. అమరచింతలో బాలుడు లేడన్నారు. అక్కడినుండి పెద్దమందడికి వచ్చినది. హాలు ముందు బల్ల వద్ద జరిగిన మాటలను ఆమెను, బల్ల వద్ద కూర్చున్న వాలంటీరు బాలకృష్ణను వేర్వేరుగా అడిగి తెలుసుకొన్నాను. ఇద్దరూ చెప్పినది ఒక్కటే గనుక ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను.

“ఎవరు కావాలె అవ్వా?”

“మా శివ, సార్. నా మనుమడు.”

“శివ లేడు. శివకుమార్ అని ఒకడుండె, వాళ్ళ నాయన తోల్కపోయిండు. బడిల పేరు చెప్పు.”

“బడిల పేరు మా ఇంటాయన పేరే సార్.”

“గదే, మీ ఇంటాయన పేరేంది?”

ఆమె తల పక్కకు తిప్పుకొన్నది. వరుసలో వెనుకనుండి ఎవరో అన్నారు: “పెండ్లి హాలు గద, కొత్త పెండ్లికూతురు లెక్క సిగ్గు పడుతున్నది ముసలామె! జర తొందరగ చెప్పు అవ్వా, మా పోరలు ఆకలికున్నరు.”

అందరూ నవ్వినారు. తానూ నవ్వితినని బాలకృష్ణ ఒప్పుకొన్నాడు. తరువాత “పేరు తెల్వకుంటె పక్కకు నిలబడు” అని తానే చెప్పినట్లు కూడా.

3. ఇక్కడ కొంత వివరణ అవసరము. ఆమె తరమువారు భర్త పేరు నోట పలుకరు. పలికితే ఆ పేరుగలవారి ఆయుస్సు తరుగునని నమ్మకము. బ్యాంకులోనైనను, రేషను దుకాణములోనైనను అడిగినప్పుడు ఆమె పక్కకు చూచును. పక్కనున్న ఎరిగిన మనిషి ఎవరో ఒకరు ఆ పేరు చెప్పివేయుదురు. పని జరిగిపోవును. ఆ దినమున కూడా ఆమె పక్కకు చూచినది. వరుసలో గద్వాల ముఖము ఒక్కటీ లేదు.

భర్త పోయి చాలా కాలమైనది గదా, ఇంకా భయమెందుకని నేను అడిగితిని. ఆమె ఇచ్చిన జవాబును దస్త్రములో చేర్చ ప్రార్థన:

“పోయినాయనకు ఇంక తగ్గేదేముంది బిడ్డా? గిప్పుడు ఆ పేరు మోస్తున్నది వాడే గద. పొగల చిక్కిన పోరని ఆయుస్సును నా నోటితోని నేనే ఎట్ల తగ్గిస్త?”

పేరు చెప్పించుటకు ఒక మనిషిని తెచ్చుకొనుటయే మేలని తలచి ఆమె మరల గద్వాలకు పోయి, పొరుగింటి జమ్ములమ్మను వెంటబెట్టుకొని వచ్చినది. జమ్ములమ్మ బండి దిగుచునే “జంగయ్య! జంగయ్య!” అని కేకలు వేసినదట. అప్పటికి హాలుకు తాళము వేసియున్నది.

4. బాలుడు ఆ సమయమంతా అదే హాలు వెనుక, భోజనాల గదిలో ఉన్నాడు. ఒక్కొక్క పేరు పిలుచుట, ఒక్కొక్కరు లేచి పోవుట చూచినాడు. చివరకు తానొక్కడే మిగిలి, అక్కడున్న అధికారిని అడిగినాడు. ఆ అధికారి అతని తల నిమిరి, “నీకోసం ఎవ్వరూ రాలేదురా. పొద్దుపోయింది, వ్యాను ఎక్కు” అన్నారు.

అయ్యా, ఆ మాట చెప్పినవారు తామే. తమరికి జ్ఞాపకముండకపోవచ్చును. ఆ దినమంతా తమరు మంచినీరు కూడా తాగలేదని విన్నాను. ఆ మాటలో కఠినత్వము లేదనియు ఎరుగుదును. తమరి ముందున్న కాగితము ప్రకారము అది నిజము కూడా. కాని బాలునికి జ్ఞాపకమున్నది.

5. వృత్తిరీత్యా నేను గమనించినవి. ఆ వ్యానులో మా ఆశ్రమమునకు చేరిన బాలుడు వేళకు తినుచున్నాడు, చదువుకొనుచున్నాడు, దుప్పటి తానే మడుచుకొనుచున్నాడు. మాట్లాడుట లేదు. ఇతర పిల్లల బంధువులు వచ్చిన దినమున గేటు వైపు చూడడు. నాయనమ్మ వచ్చినప్పుడు గోడవైపు తిరిగి పడుకొన్నాడు. ఆమె వరండాలో బల్ల మీద కూర్చున్నది. కూర్చున్నంతసేపు ఆమె కుడిచేయి రాట్నము తిప్పుచున్నట్లే ఒడిలో కదలుచుండెను. నేనేదో ఓదార్పుగా చెప్పబోగా, “వానికి కోపముండాలె. రానోళ్ళ మీద కోపమే ఉంటది” అన్నది. వచ్చితిని గదా అనలేదు.

6. ఆధారు నకలు, తల్లిదండ్రుల సమ్మతి, ఇంటి విచారణ నివేదిక అన్నియు సమర్పించబడినవి. ‘బంధువులెవరూ రాలేదు; తరువాత ఆశ్రమమునకు వచ్చిన వృద్ధురాలికి బాలుని పేరు తెలియదు’ అన్న వాక్యమును చూపి అప్పగింతను నిలిపివేసినారు. ఆమెకు ఆ పేరు తెలియకపోవుట కాదు. లోకములో ఆ పేరును ఆమె కంటె భద్రముగా దాచినవారు లేరు.

కావున ఆ వాక్యమును కొట్టివేసి బాలుని ఆమెకు అప్పగించవలసినదిగాను, ఇకముందు ఇట్టి ఆపదలలో బల్ల వద్ద కూర్చున్నవారు “ఇంట్లో ఏమని పిలుస్తారు?” అని కూడా పిల్లలను అడిగి వ్రాసుకొనునట్లు ఉత్తరువు ఇవ్వవలసినదిగాను ప్రార్థించుచున్నాను. వీటన్నిటికంటె ముఖ్యముగా, తమరు ఒకసారి ఆశ్రమమునకు విచ్చేసి, ఆమె వచ్చిన సంగతి బాలునికి తామే చెప్పవలెను. ఉత్తరము పంపిన చాలదు. ఒక పిల్లవాడు ఎదురుచూచుచున్నాడని తలచి ఈ విన్నపమును చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నవనీత
నాగర్‌కర్నూలు

తా.క.: పై అర్జీని కవరులో పెట్టుచుండగా తిరుపతమ్మ మరల వచ్చినది. గది గుమ్మము వద్ద చాలాసేపు నిలబడి, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, “జంగయ్యా” అన్నది. జీవితములో మొదటిసారి.

బాలుడు దిగ్గున లేచి కూర్చున్నాడు. “ఆ పేరు అనొద్దంటివి గద, నాయినమ్మా?”

“అంటి.”

“మరి గా దినమే ఎందుకు అనకపోతివి? నేను లోపల్నే ఉంటి గద.”

ఆమె గుమ్మములోనే కూర్చున్నది. “నువ్వు బతకాలెనని రా బిడ్డా. నువ్వు బతకాలెననే మింగిన.”

బాలుడు ఆమె దగ్గరకు పోలేదు. నావైపు తిరిగి అడిగినాడు: “గా దినం నిజంగ వచ్చిందా మేడం?”

వచ్చిందని చెప్పినాను. రెండుసార్లు వచ్చిందని చెప్పినాను. అతడు “సార్ రాలేదన్నడు గద” అన్నాడు.

సార్, నా మాట వాడు నమ్మడం లేదు. ఆమె ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంది. దయచేసి ఒక్కసారి రండి.