నా తీర్పు వెనకింటికి ఎలా చేరింది?

అత్యున్నత న్యాయస్థానం రికార్డు గది అధికారి గారికి, దర్జీ దణ్ణం పెట్టి రాయునది.

అయ్యా, ఆ మధ్య పక్కింటివాడు గోడ లేపి నా కొట్టు కిటికీకి వెలుతురు రాకుండా చేయబోతే, మీ కోర్టుదాకా వచ్చి గెలిచాను. ఇప్పుడు మా అమ్మాయి కుట్టు మిషను పెట్టుకుంటుందని మేడ మీద గది మొదలెట్టాను. వెనకింటి ఫొటోస్టూడియోవాడు తనకి వెలుతురు పోతుందని కేసు వేశాడు. వేస్తే వేశాడు, నా తీర్పే చూపిస్తున్నాడు! భద్రంగా దాస్తారనుకుంటే వాడి చేతికెలా వెళ్లింది?

ఇట్లు,
అనుమానంతో నిద్రపట్టని దర్జీ

తా.క. మీ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది?

*

దర్జీ గారికి,

అసలు కాగితం బీరువాలోనే ఉంది. స్వయంగా చూసొచ్చాను. అయితే ముఖ్యమైన తీర్పుల్ని అచ్చు వేయిస్తాం. పెద్ద కోర్టు ఒక మాట చెప్పాక, అలాంటి తగాదా ఎక్కడొచ్చినా కింది కోర్టులు అదే పాటించాలి. మీ తీర్పు దేశమంతా నడుస్తోంది. సంతోషించండి.

ఇట్లు,
రికార్డు గది అధికారి

తా.క. తాళం నా జేబులోనే ఉంది.

*

అధికారి గారికి,

నడుస్తోందా! చెప్పులరిగేలా తిరిగింది నేను, అనుభవించేది ఊళ్లోవాళ్లా? ఒకడి కొలతకి కుట్టిన చొక్కా ఊరందరికీ తొడుగుతారా? మీ గదిలో ఎవరో వాడికి ఉప్పందిస్తున్నారు. నా తీర్పు నాకిచ్చేయండి. లేదా కొట్టేయండి.

ఇట్లు,
అంత తేలిగ్గా మోసపోని దర్జీ

తా.క. స్టూడియోవాడు మీకేమైనా చుట్టమా?

*

దర్జీ గారికి,

ఇవ్వడం కుదరదు. కొట్టేయాలంటే ఇంకా ఎక్కువమంది జడ్జీలు కూర్చుని అది తప్పనాలి. అదే జరిగితే మీ పక్కింటాయనకి గోడ మీద మళ్లీ ఆశ పుడుతుంది. ఆలోచించుకోండి.

ఇట్లు,
రికార్డు గది అధికారి

తా.క. చుట్టం కాదు. మీ ఉత్తరాలకి కూడా ఒక ఫైలు తెరిచాం.

*

అధికారి గారికి,

ఓడిపోయాను. నన్ను గెలిపించిన మాటలే జడ్జీగారు నాకు చదివి వినిపించారు. ఉండబట్టలేక వరండాలో స్టూడియోవాణ్ణి నిలదీశాను: "ఈ తీర్పు సంగతి నీకెవరు చెప్పారయ్యా?"

"మీరే కదా మాస్టారూ! దానికి అద్దం కట్టింది నేనేగా. కట్టమని తెచ్చినరోజు దగ్గర కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించారు. వద్దన్నా రెండోసారి కూడా చదివారు."

మిమ్మల్ని అనుమానించినందుకు సిగ్గేసింది. అమ్మాయి మాత్రం నవ్వేసి, మిషను కింద కొట్లోనే కిటికీ పక్కన వేసుకుంది. నేను గెలిచిన వెలుతురు దాని చేతుల మీద పడుతుంటే కడుపు నిండిపోయింది.

ఇట్లు,
తన గోతిలో తానే పడ్డ దర్జీ

తా.క. స్టూడియోవాడు కూడా తన తీర్పుకి అద్దం కట్టుకున్నాడు. నిన్న నన్ను పిలిచి గర్వంగా చదివి వినిపించాడు. రెండోసారి చదవమని నేనే అడిగాను. వాడూ మేడ కట్టే ఆలోచనలో ఉన్నాడట. ఈ ఫైలు మాత్రం వాడికి చూపించకండి.