బండి తయారుగా ఉంది

మార్చి 3, సోమవారం

ఈ డైరీ జనవరిలో కొన్నాను. మొదలుపెట్టడానికి మంచి రోజు చూసుకుందామనుకుంటే మార్చి వచ్చింది. నాన్చుడు పోవాలంటే రోజూ రాసుకోవాలని వీడియోలో ఒకాయన చెప్పాడు. ఆయన పళ్ళు బాగున్నాయి, సొంతవే. మనుషుల్లో నాకు ముందు కనిపించేవి అవే. కట్టుడు పళ్ళు చెయ్యడం నా పని.

ఊరందరికీ చేస్తాను. చెప్పిన రోజుకి ఇస్తాను. అక్కకి మాత్రం ఇంకా చెయ్యలేదు.

అక్క బస్‌స్టేషన్‌లో అనౌన్సర్. మా వెనక గోడకి అవతలే స్టేషన్. పై అంతస్తులో అక్కా బావా, కింద నా ల్యాబ్. ఇన్నేళ్ళూ లౌడ్‌స్పీకర్‌లో అక్క గొంతు వింటూనే పని చేసుకున్నాను. చిగుళ్ళ జబ్బు చేసి, చలికాలంలో పై పళ్ళన్నీ డాక్టర్ తీసేశాడు. అప్పట్నించీ ఆమె సెలవులో ఉంది. ఇప్పుడు చిగుళ్ళు మానాయి, పళ్ళ సెట్టు పెట్టుకోవచ్చట. వేరే ల్యాబ్‌లో చేయిస్తానని డాక్టరంటే, నేను బతికుండగా బయట చేయించడమేమిటని ఎగిరిందాన్ని నేనే.

స్టేషన్ మేనేజరుకి మేం పెట్టుకున్న పేరు గడియారం. ఎవరితో మాట్లాడుతున్నా చేతి వాచీ చూసుకుంటాడు. ఏప్రిల్ ఒకటికల్లా అక్క మైకు దగ్గరికి రాకపోతే కంప్యూటర్ గొంతేదో కొని పెట్టేస్తారట. అక్క పార్సెల్ కౌంటర్‌కి వెళ్ళాలట. పార్సెళ్ళతో మాట్లాడే పని ఉండదు కదమ్మా అన్నాడట, ఓదార్పుగా.

రేపు మొదలుపెడతాను.

మార్చి 5, బుధవారం

లిస్టు రాశాను. ల్యాబ్ సర్దాను. రంగుల వారీగా పళ్ళ డబ్బాలన్నీ వరసలో పెట్టాను. ఫోన్‌లో కొత్త యాప్ వేశాను, చేసిన ప్రతి పనికీ చప్పట్లు కొడుతుంది. డబ్బాలు సర్దినందుకు కొట్టింది. ఆరంభశూరత్వానికి కూడా చప్పట్లు కొట్టేవాళ్ళుంటారని తెలియదు నాకు.

అక్క పనిలో ఒక చిక్కుంది. డాక్టర్ చిన్న ట్రేలో మెత్తటి ముద్ద వేసి, నోట్లో పెట్టి అచ్చు తీస్తాడు. దాన్ని వెంటనే ప్లాస్టర్‌తో నింపాలి. ఆరితే ముడుచుకుపోతుంది, అందులోంచి వచ్చిన సెట్టు ఎవరి నోటికీ సరిపడదు. అందుకని నేను రెడీ అన్న రోజునే అక్క డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. రెడీ అని చెప్పడం ఒక్కటే ప్రస్తుతానికి నా పని.

మార్చి 6

చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం

పైన భోజనం. అక్క అన్నీ మెత్తగా మెదుపుకుని, అటు తిరిగి తింది. మాట్లాడాల్సి వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఫోన్ మోగితే బావ చేతికిచ్చేస్తోంది. నా పళ్ళ సంగతేమిటే అని ఒక్క మాట కూడా అడగలేదు. అడిగితే బాగుండేది, కోపం తెచ్చుకుని వచ్చేసేదాన్ని.

మార్చి 12, ఉదయం 10

బావ కిందికొచ్చాడు. తొందరేం లేదు మరదలా, మీ అక్క నా మీద అరిచి మూడు నెలలైంది, నిదానమే ప్రధానం అన్నాడు. ఇద్దరం నవ్వాం. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, అరవకపోతే ఏం బాగాలేదే అని వెళ్ళిపోయాడు.

తర్వాత చాలాసేపు ఏ పనీ చెయ్యలేదు. ఎందుకు నానుస్తున్నానో నాకు తెలుసు, ఇక్కడ రాస్తే ఎవరూ చూడరు. బయటివాళ్ళ సెట్టు కుదరకపోతే డాక్టర్ ఫోన్ చేస్తాడు. గొణుక్కుంటూ దిద్దుతాను, మర్చిపోతాను. అక్క పళ్ళు రోజూ నా ఎదురుగానే కూర్చుని తింటాయి. బాగా రాకపోతే చచ్చేదాకా చూడాలి. చెయ్యనంత కాలం అవి లోకంలోకెల్లా గొప్ప పళ్ళు.

పెరటి చెట్టు మందుకి పనికి రాదంటారు. చెట్టుకే భయం వేస్తే ఏమంటారో తెలీదు.

మార్చి 13

యాప్ తీసేశాను. దానికీ చప్పట్లు కొట్టి పోయింది.

మార్చి 17, సోమవారం

గడియారం దారిలో కనిపించాడు. వాచీ చూసుకుంటూ, ఏమ్మా, మీ అక్కగారు ఒకటో తారీఖుకి వస్తారా రారా, కంప్యూటర్‌వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు అన్నాడు. వస్తుందన్నాను. మీరెవరు చెప్పడానికి అన్నట్టు చూశాడు. పళ్ళు చేసేదాన్ని నేనేనన్నాను.

ఇంటికి రాగానే మెట్ల కింద నిలబడి, అక్కా, రేపు రెడీ అని అరిచాను. పైన బీరువా తలుపు తీసిన చప్పుడయింది. రేపటికి బట్టలు తీసుకుంటోంది.

మార్చి 18, ఉదయం 11

అక్క వచ్చింది. అచ్చుని తడిగుడ్డలో చుట్టి రెండు చేతులతో పట్టుకొచ్చింది. డాక్టర్ ఆరనివ్వొద్దన్నాడే అని చెప్పి, బల్ల మీద పెట్టి పైకెళ్ళింది.

నేను వేరేవాళ్ళ సెట్టుకి పాలిష్ పడుతున్నాను. ఒక పని పూర్తి కాకుండా రెండోది ముట్టుకోకూడదని వీడియో ఆయన చెప్పాడు. టైమర్ పెట్టాను. అది మోగగానే ప్లాస్టర్ కలుపుతాను.

మధ్యాహ్నం 3

టైమర్ మోగే వేళకి డాక్టర్ ఫోన్. అర్జంటు రిపేరు, మనిషి క్లినిక్‌లో కూర్చుని ఉన్నాడన్నాడు. అది చేశాను. ఎవరో వచ్చి తీసుకెళ్ళారు. ఆకలేసింది, తిన్నాను. చెయ్యి కడుక్కుని వస్తుంటే బల్ల మీద గుడ్డ కనిపించింది.

ఎండిపోయింది. విప్పితే అచ్చు అంచు ట్రే నుంచి విడిపోయి లేచి ఉంది. కంటికి కనిపించేంత లేచి ఉంది.

పారెయ్యాలి. పైకి వెళ్ళి, అక్కా, మళ్ళీ ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళిరావాలి అని చెప్పాలి. ఎందుకని అడుగుతుంది.

ప్లాస్టర్ కలిపి పోసేశాను. ఆలస్యం అమృతం విషం అంటారు. ఇవాళ పొద్దున్నుంచి నేను మూడు పనులు వేళకి చేశాను.

మార్చి 24

మైనం మీద పళ్ళు పేర్చాను. అక్క ముందు పళ్ళు రెండింటి మధ్యా చిన్న సందుండేది, అది కూడా పెట్టాను. చూడ్డానికి అచ్చం అక్క నోరే. మామూలుగా ఈ దశలో మనిషి నోట్లో పెట్టి చూస్తాం. టైం లేదనుకున్నాను. టైం ఉంది.

మార్చి 29, శనివారం

ఇచ్చేశాను. అద్దం ముందు పెట్టుకుని చూసుకుంది. ముందు సందుని చూసింది, తర్వాత నన్ను. ఏడ్చింది, నవ్వింది, బావని పేరు పెట్టి పిలిచి ఏదో అరిచింది. బావ చేతులెత్తి దండం పెట్టాడు, అమ్మయ్య, మొదలైంది అని.

సరిగ్గా ఉన్నాయా, ఎక్కడైనా నొక్కుతోందా అని అడిగాను. ఎక్కడా లేదే, పువ్వుల్లా ఉన్నాయంది. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఇంకోసారి అడగలేదు.

ఏప్రిల్ 1, ఉదయం 7

కిటికీ తెరిచి కూర్చున్నాను. లౌడ్‌స్పీకర్ గరగరలాడింది. అక్క గొంతు. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద బస్సు సిద్ధంగా ఉంది అంది. బస్సు దగ్గర సన్నగా ఈల. సిద్ధంగా దగ్గర ఇంకో ఈల.

వీధిలో ఎవరో పిల్లలు తిరిగి ఈల వేశారు.

కొత్త పళ్ళతో రెండ్రోజులు అలాగే ఉంటుంది. అందరికీ చెప్పే మాటే ఇది.

ఏప్రిల్ 2

ఈల పోయింది. అమ్మయ్య అనుకుని గ్రైండర్ ఆన్ చేశాను. కాసేపటికి ఆపేసి విన్నాను.

రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద బండి తయారుగా ఉంది అంటోంది. మీ పెట్టెలు చూడండి అంటోంది, సామాన్లు అనట్లేదు. దయచేసి పోయి దయుంచి వచ్చింది. ఇన్నేళ్ళలో అక్క నోటి నుంచి బండి అన్న మాట మైకులో విన్నది లేదు. ఈల వచ్చే అక్షరం ఉన్న మాటలన్నీ ఏరి పక్కన పెట్టింది. రాత్రంతా కూర్చుని ఏరుకుని ఉంటుంది.

పైకి వెళ్ళి నోరు చూడాలి. సాయంత్రం అలిసిపోయి వచ్చింది. రేపు చూస్తాను.

ఏప్రిల్ 3

రేపు.

ఏప్రిల్ 5

అక్క ఆదివారం కూడా డ్యూటీ వేయించుకుంది. ఇంట్లో ఉంటే నేను నోరు చూస్తాననేమో. నాకూ వెళ్ళకపోవడానికి కారణం దొరికింది.

ఏప్రిల్ 8, మంగళవారం, సాయంత్రం 5

బావ వచ్చాడు. ఈసారి జోకుల్లేవు. కూర్చోమన్నా కూర్చోలేదు.

మీ అక్క చెప్పొద్దని ఒట్టేయించుకుంది, ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను అన్నాడు. ఎడమ వైపు చిగురంతా పుండట. అనౌన్స్‌మెంట్‌కి పెట్టుకుంటుందట, అవగానే తీసి గ్లాసులో వేస్తుందట, బెల్లు మోగితే మళ్ళీ పెట్టుకుంటుందట. తిండి పాత పద్ధతే, మెదుపుకుని.

మరి నాకెందుకు చెప్పలేదని కోప్పడ్డాను. సిగ్గు లేకుండా కోప్పడ్డాను. బావ చెప్పడానికి కాస్త నసిగాడు. అదీ అడిగానన్నాడు. అక్క అందట కదా, అది ఇన్నాళ్ళకి చేసిచ్చింది, ఇప్పుడు వంక పెడితే మళ్ళీ రేపంటుంది, రేపిచ్చే మంచి పళ్ళకంటే ఇవాళ్టి ఈ పుండే నయం అని.

బావ ఇంకో మాట చెప్పాడు, ఇది సంతోషంగా. కంప్యూటర్ గొంతు ఎవరిదో ఎందుకు, మీ అక్కదే పెడదామని గడియారం పైవాళ్ళని ఒప్పించాడట. బండి తయారుగా ఉంది అంటుంటే ఇంట్లో మనిషి పిలిచినట్టుందని ప్యాసింజర్లు మెచ్చుకుంటున్నారట. మనుషులొచ్చి, ముక్కలు ముక్కలుగా అన్నీ చదివించి రికార్డు చేసుకుపోయారట. ఇక ఎప్పటికీ అక్క గొంతేనట. అక్కకి ఎంక్వయిరీ సీటిచ్చారట.

ఎప్పుడు చేశారని అడిగాను. ఇవాళ పొద్దున అన్నాడు.

ఏప్రిల్ 9, ఉదయం 8

వచ్చిన పనులన్నీ పక్కకి జరిపాను. టైమర్ సొరుగులో పడేశాను. ప్లాస్టర్ డబ్బా, రబ్బరు గిన్నె, చెంచా సంచిలో వేసుకుని పైకెళ్ళాను. అక్క చెప్పులేసుకుంటోంది. పద డాక్టర్ దగ్గరికి అన్నాను. డ్యూటీ ఉందంది. గడియారానికి ఫోన్ చేసి రాదని చెప్పేశాను.

మధ్యాహ్నం 1

డాక్టర్ అచ్చు తీస్తుంటే కుర్చీ వెనకే నిలబడ్డాను. పళ్ళు చేసేవాళ్ళు క్లినిక్‌లోకి రావడం ఇదే మొదటిసారి చూడటం అని ఆయన నవ్వాడు. పుండు చూశాక నవ్వలేదు. అచ్చు బయటికి రాగానే, అక్కడే వాష్‌బేసిన్ పక్కన ప్లాస్టర్ కలిపి పోశాను. ఒక్క బుడగా రాలేదు.

ప్లాస్టర్ గట్టిపడేదాకా వరండాలో కూర్చున్నాం. మొన్నటి అచ్చు ఆరిపోయింది, అయినా పోసేశానక్కా అని చెప్పాను. తెలుసంది. ఆ రోజు నాకు అన్నం పెడదామని కిందికొచ్చిందట. గుడ్డ ఆరిపోయి బల్ల మీదే ఉందట. గ్రైండర్ తిరుగుతోంది, నువ్వు తలెత్తకుండా పని చేసుకుంటున్నావు, నిన్ను కదపడం దేనికిలే అని వెళ్ళిపోయానే అంది.

నాకు ఏడుపొచ్చింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఊరుకోవే, ప్లాస్టర్ చూసుకో అంది.

ఏప్రిల్ 16

మైనంతో ట్రయల్. అక్కని బస్సు అనమన్నాను. అంది. ఈల లేదు. ఇంకోసారి అనమన్నాను. చిరాకుపడి, ఎన్నిసార్లే తల్లీ అంది.

ఏప్రిల్ 19

ఇచ్చాను. పప్పుండలు కొరికి తింది, శబ్దం వచ్చేలా. అందరికీ వినపడాలని.

ఏప్రిల్ 21, సోమవారం

గడియారం దగ్గరికి వెళ్ళాను. రికార్డింగ్ మళ్ళీ చేయించండి, అప్పటి పళ్ళు తప్పు, తప్పు నాదే అని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. అందరూ బాగుందంటుంటే మీకేమిటమ్మా బాధ అన్నాడు. మెషిన్‌లోకి ఎక్కించేశారట, ఆ మనుషులు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదట. నేను కదలకపోయేసరికి వాచీ చూసుకుని, సరే, రేపు చూద్దాం లెండి అన్నాడు.

ఆ మాట ఎలా అంటారో నాకు తెలుసు. వచ్చేశాను.

మే 6, మధ్యాహ్నం

అక్క లంచ్‌కి ల్యాబ్‌కొచ్చింది. కిటికీ తెరిచే ఉంది. మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద బండి తయారుగా ఉంది అంది లౌడ్‌స్పీకర్, అక్క గొంతుతో. అక్క నములుతూనే, బస్సు సిద్ధంగా ఉంది అని దిద్దింది.

మళ్ళీ గరగర. ఈసారి అక్క నోరు నిండా ఉంది. నేనన్నాను.