రుచి లేని నీళ్ళు

జూన్ 2

స్కూల్ వాళ్ళ ఆర్డర్ వచ్చింది. ఇంగ్లీష్ టీచర్. వేరే ఊళ్ళో, హాస్టల్లో నాకో గది. పదిహేనున చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. గట్టిగా అరవాలనిపించింది. అక్కావాళ్ళింట్లో అరిస్తే మూడు వాటాలకూ వినిపిస్తుంది. తలగడలో అరిచాను.

జూన్ 3

అమ్మ ఫోన్. అక్కకి ఎనిమిదో నెల, మంచం దిగొద్దన్నారు, కానుపయ్యేదాకా ఉండవే, ఉద్యోగాలెక్కడికి పోతాయి అంది. అవెక్కడికీ పోవు. నేనూ ఎక్కడికీ పోను.

జూన్ 5, మధ్యాహ్నం

బావ వెనకగదిలో బ్యాటరీ నీళ్ళు తయారుచేస్తాడు. చేస్తాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇవాళ డబ్బాలకి స్టిక్కర్లు అంటిస్తుంటే తడివేలు నాలుకకి తగిలింది. ఉప్పగా ఉంది. డిస్టిల్డ్ వాటర్ అని రాసున్న డబ్బాలో ఉప్పేమిటి? నీళ్ళు మరిగించే బాయిలర్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. మూత మీద దుమ్ము.

అడిగితే బావ దాచలేదు. మ్యాచ్ చూస్తూ మర్చిపోతే లోపల నీళ్ళయిపోయి కాయిల్ మాడిపోయిందట. అప్పట్నుంచీ కుళాయికి గుడ్డ కట్టి పడుతున్నాడట. వడపోసినా శుభ్రమయ్యేదే కదా డిక్షనరీ, ఇంగ్లీషులో అంటే కాస్త బరువుగా ఉంటుంది, అంతేగా అన్నాడు. డిక్షనరీ అంటే నేనే.

అంతే కాదన్నాను. ఫిల్టర్ చేస్తే గుడ్డకి దొరికిందే ఆగుతుంది, కరిగింది జారిపోతుంది. డిస్టిల్ చేయడమంటే నీళ్ళు మరిగి, ఆవిరై, పైపులో చల్లబడి మళ్ళీ నీళ్ళై చుక్కచుక్కగా పడాలి. ఉప్పు అడుగునే మిగిలిపోవాలి. బావ శ్రద్ధగా విన్నాడు. నీకు టీచరుద్యోగం భలే నప్పుతుందే అన్నాడు.

జూన్ 8

డిస్టిల్ అనే క్రియకి ఇంకో వాడుక కూడా ఉంది. బోలెడు అనుభవంలోంచి సారం తీయడం. ఎవరో కవి దుఃఖాన్నంతా నాలుగు లైన్లలోకి డిస్టిల్ చేశాడని రాస్తే చాలు, కాలేజీలో మార్కులు పడేవి. డిగ్రీ మొత్తం ఆ మాట వాడాను. బాయిలర్ ఒక్కసారీ చూడలేదు.

జూన్ 9

పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌కి నెలనెలా నీళ్ళు కావాలట. పరికరాల్ని ఆవిరిలో శుద్ధిచేసే మెషీన్‌కి. ఉప్పునీళ్ళు పోస్తే లోపల పెచ్చు కట్టి మొరాయిస్తుంది. ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడుతుంది, నువ్వు మాట్లాడు అన్నాడు బావ. డిస్టిల్ చేస్తామని ఒక్క ముక్క చెబితే ఆ ఆర్డరుతో అక్కకి మనిషిని పెడతాడట. పద్నాలుగున తనే నన్ను బస్సెక్కిస్తాడట. చెప్పేయవే తల్లీ, నోట్లో ముత్యాలేం రాలిపోవు అంది అక్క మంచం మీంచి.

జూన్ 10

అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను. వీ డిస్టిల్ అవర్ వాటర్. ఉచ్చారణ బ్రహ్మాండం.

జూన్ 11

ఫోన్‌లో డాక్టరమ్మ ఒక్కటే అడిగింది. డిస్టిల్ చేస్తారా, ఉత్త ఫిల్టరేనా అని. ఆవిడకి తేడా తెలుసు. అందుకే నోరు రాలేదో, పక్కన బావ తలాడిస్తుంటే ఒళ్ళు మండిందో! ప్రస్తుతం ఫిల్టరే అనేశాను. థాంక్స్ చెప్పి, డిస్టిల్ చేసినప్పుడు ఫోన్ చేయండి అని పెట్టేసింది.

నీ సత్యసంధతకి నా కడుపే దొరికిందా అని అక్క గోడవైపు తిరిగి పడుకుంది. బావ చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

జూన్ 12

బావ కొత్త కాయిల్ అరువు తెచ్చి బిగించాడు. డాక్టరమ్మకి తనే ఫోన్ చేశాడు, మన భాషలోనే. ఆవిడకి భేషుగ్గా వచ్చట! ఆర్డరు ఖాయమైంది.

బాయిలర్లో నీళ్ళు గీత దిగకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. తనకి తిరుగుడు, అక్క లేవలేదు. నువ్వు కోరిందేగా డిక్షనరీ, కూర్చో అన్నాడు. మరి అక్కకి మనిషిని పెట్టేది అన్నాను. ఈ నెల గడవనీ అన్నాడు.

జూన్ 13

సంచి సర్దాను. అక్క మంచినీళ్ళడిగింది. ఇచ్చొచ్చేసరికి బాయిలర్లో నీళ్ళు గీత దిగిపోయాయి. పోశాను. సంచి మంచం కిందికి తోశాను.

జూన్ 14

నాలుగింటి బస్సు హారన్ ఈ గదిలోకి కూడా వినిపిస్తుంది. ఒళ్ళంతా ఆవిరి. పైపు చివర చుక్క వేలాడుతూ తటపటాయిస్తుంది. పడుతుంది.

జూన్ 15

డబ్బా నిండింది. పంపేముందు ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఏ రుచీ లేదు.

సరిగ్గా వచ్చింది.