కళ్లు తెరిచి చేసిన ప్రార్థన

ఆదిలాబాద్, 10 అక్టోబర్ 2024

రెబెకా, ఫోనులో చెబితే సగంలోనే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను. మేమందరం క్షేమం.

నిరుడు కాలువలో పడ్డప్పటి నుంచి బకెట్ నీళ్లకూ వణికే కెజియాను నీళ్ల దగ్గరికి తీసుకుపోనని నీకు మాటిచ్చాను. నిన్న కుంటాల జలపాతం కాడ మాట తప్పాను. పిల్లే నా చెయ్యి పట్టుకొని మెట్లు దిగింది. నీళ్లకు ఇరవై అడుగుల దూరంలో ఆపాను. కొండే కరిగి దూకుతున్నట్టుంది. బండి ఆగిన ప్రతిచోటా చేసినట్టే ప్రార్థన చేద్దాం, కళ్లు మూసుకొమ్మన్నాను.

"మూసుకుంటే గిదంత కనబడదు గద నానమ్మా! జర తెరిచే చేస్తనే" అన్నది.

అరవై ఎనిమిదేండ్లలో మొదటిసారి నేనూ తెరిచే చేశాను. ఆమెన్ అనడం మరిచిపోయాను.

ఇక జరగవలసినవి:

1. నా కొడుకును కోప్పడకు. అక్కడ బండి ఆపమన్నది నేను.

2. పెరట్లో ఏడాదిగా ఎండబెట్టిన తొట్టిని నింపిపెట్టు.

3. సెలవులు కాగానే కెజియాకు ఈత నేర్పించాలి. గట్టున నేనుంటాను. నువ్వూ వచ్చి చూడాలి. ఆ ధైర్యం దేవుడు నీకిస్తాడు.

అత్తమ్మ