సత్తార్ భాయ్ పట్టిన మొల

ఇస్నాపూర్

చెల్లె సత్తెమ్మకు అన్న మల్లయ్య దీవెనలు.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోకు, మెల్లగా కూడబలుక్కొని చదువు. నువ్వు, బావ, పిల్లలు అంతా మంచిగున్నారా? నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను మంచిగున్నాను. నా గురించి రంది పెట్టుకోకు.

జైలు నుంచి వచ్చి ఇక్కడ పనిలో చేరి రెండు నెలలైంది. కంపెనీల మిషన్లు పంపడానికి చెక్కపెట్టెలు చేసే షెడ్డు. లోపల నేర్చుకున్న వడ్రంగమే ఇప్పుడు అన్నం పెడుతున్నది. ముగ్గురు బీహారు వాళ్ళతో కిరాయి గదిలో ఉంటున్నాను. వాళ్ళు రొట్టెలు చేస్తారు, నేను పప్పు వండుతాను. రేకుల కింద ఉడుకు ఎక్కువే, అలవాటైంది.

షెడ్డు నడిపే సేటుకు నా సంగతి తెలుసు. తోటివాళ్ళకు చెప్పలేదు, నోరు రాలేదు. చివరికి నేనే బయటపడ్డాను. జైల్లో సాయంత్రం పనిముట్లన్నీ వరుసగా పెట్టి నిలబడాలి. వార్డరు లెక్క చూసుకున్నాకే బ్యారక్‌కు పంపేవాడు. ఇక్కడ కూడా పని అయిపోగానే ఉలి, రంపం, సుత్తి వరుసగా పెట్టి, చేతులు కట్టుకొని నిలబడేవాణ్ణి. నాకు తెలియకుండానే. ఒకరోజు నా పక్కన పనిచేసే రమేశ్ నవ్వాడు.

“ఏంది పెద్దాయనా, రోజూ గిట్ల పేర్చి నిలబడ్తవ్? సుత్తికి పెండ్లిచూపులా?”

“లెక్క చూడందే లోపలికి పంపరు గద” అన్నాను.

“ఏ లోపలికి?”

అబద్ధం ఆడలేకపోయాను. “జైలు” అన్నాను.

మర్నాడు నా దగ్గర కూర్చొని ఎవరూ అన్నం తినలేదు. రమేశ్ సేటు దగ్గరికి పోయి, “గాయన చేతుల సుత్తి ఉంటే పక్కన మేమెట్ల పనిచేస్తం? ఆయన్నన్న తీసేయ్, మమ్మల్నన్న పంపు” అన్నాడట. సేటు ఆ సంగతి మేస్త్రీ సత్తార్ భాయ్‌కి వదిలేశాడు. నా పని పోయిందనే అనుకున్నాను.

సత్తార్ భాయ్ అందరినీ పిలిచి వాళ్ళ ముందే అడిగాడు. “చాచా, ఏం చేసి జైలుకు పోయినవ్?”

“పొలం గట్టు కాడ లొల్లి అయింది. కోపంల కట్టెతోని కొట్టిన. మనిషి సచ్చిపోయిండు. తప్పు నాదే.”

“మా మీద కోపమొస్తే?”

“బయటికి పోయి చాయ్ తాగొస్త.”

ఎవరో నవ్వారు. సత్తార్ భాయ్ నవ్వలేదు. పెద్ద ఇనుప మొల తీసి చెక్క పలక మీద నిలబెట్టి, రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. మా షెడ్డులో కొత్తవాడు సుత్తి ఎత్తితే ఎవరూ మొల పట్టరు. చేతి గురి చూసి, నమ్మకం కుదిరాకే పడతారు.

“కొట్టు” అన్నాడు.

చెల్లె, ఎత్తిన సుత్తి దించేశాను. “భాయ్, వేళ్ళు తీయి” అన్నాను.

“నీ పని నువ్వు చెయ్ చాచా.”

కొట్టాను. మూడో దెబ్బ దాకా ఆయన వేళ్ళు తీయలేదు. మొల తిన్నగా దిగింది.

“ఇంకెవరికన్న ఏమన్న ఉన్నదా? లేకుంటే పనికి నడువుండ్రి” అన్నాడు.

రమేశ్ ఇప్పటికీ నాతో ఎక్కువ మాట్లాడడు. అందులో వాడి తప్పేం లేదు. కానీ మొన్న బరువైన పలక ఎత్తాల్సి వస్తే రెండో కొస పట్టమని నన్నే పిలిచాడు. పని గట్టిగానే ఉంది చెల్లె, నేనూ గట్టిగానే ఉన్నాను.

ఒక మాట. నీ బిడ్డ జ్యోతి అత్తగారింటి వాళ్ళకు, నేను భివండిలో మగ్గాల పనిలో ఉన్నానని చెప్పుకుంటూ వచ్చావు. నా కోసం ఇన్నేళ్ళు ఆ అబద్ధం మోశావు. ఇక వద్దు. ఉన్నది ఉన్నట్టు అల్లుడికి చెప్పు. నీకు నోరు రాకపోతే ఈ ఉత్తరమే చదివి వినిపించు. వద్దంటే వాళ్ళ గడప తొక్కను, మనసులో ఏమీ పెట్టుకోను. రమ్మంటే ఆదివారమే బస్సెక్కుతాను.

బావకు, పెద్దమ్మకు నా దండాలు. పిల్లలకు దీవెనలు. అల్లుడు ఏమన్నాడో, మంచైనా చెడైనా దాచకుండా, జల్దీ జవాబు రాయి.

నీ అన్న
మల్లయ్య