హ్యాండ్‌బ్రేక్ కేబుల్

ఆదివారం, బందరు.

అంబాసిడర్ వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించినప్పటి నుంచీ హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌తో తంటాలే. పాతది కొత్త బ్రేకులకు అందదు. వేరేది తెచ్చి బిగిస్తే ఎడమ చక్రం పడుతుంది, కుడిది పట్టదు. పొద్దుట్నుంచీ కారు కింద పడుకుని నట్లు తిప్పీ తిప్పీ వేళ్లు చీరుకుపోయాయి. సాయంత్రానికి రెండూ పట్టాయి. ఆ సంతోషంలో సుజాతను ఎక్కించుకుని చేపలకని గిలకలదిండి వెళ్లాను.

జెట్టీ దగ్గర వాలులో ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో, "ఏవండీ!" అని కేక. సుజాతతో సహా కారు నీళ్లవైపు జారుతోంది. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చి భుజాలు ఆనించి ఆపారు. "ముందు మీరు దిగండమ్మా!" అని ఒకాయన అరిచాడు. చక్రం కింద రాయి పెట్టి, వంగి చూస్తే కేబుల్ కుడివైపు ఊడి వేలాడుతోంది. పీకి నీళ్లలోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది.

సుజాత ఆటోలో వెళ్లిపోయింది. ఖాళీ కారుతో నేను దాని వెనకే వచ్చాను.

అన్నం పెడుతూ ఒక్కటే అడిగింది. "దిగేముందు గేర్లోనన్నా ఎందుకు వేయలేదండీ?"

మనిషి లోపల కూర్చుని ఉందని తెలుసు. అయినా ఆ క్షణాన నాకు కేబుల్ తప్ప ఇంకేమీ గుర్తు లేదు.