మన ఇంటి అడ్రసు మీద

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అక్కా నేనూ బాగానే ఉన్నాం. మీరూ ఒంట్లో బాగుండి, వేళకింత తింటున్నారనుకుంటాను. ఈ ఉత్తరంలో మీకో విషయం చెప్పాలి. మీరెలా తట్టుకుంటారోనని భయం. ఫోన్లో చెబుదామంటే మీకు వైఫై అందేది ఆ సైటు హాల్లోనే, అక్కడ మీ చుట్టూ ఎప్పుడూ నలుగురు ఉంటారాయె. చెబుతాను, కానీ ముందు మీరడిగినవాటికి జవాబులు రాసేస్తాను. లేకపోతే అవి అలాగే ఉండిపోతాయి.

ఈ ప్రాక్సీ అసలు ఎలా పనిచేస్తుందని అడిగారు. ఇన్నాళ్లూ వాడుకుని ఇప్పుడా అడగడం? మీరు ఆ దేశంలో కూర్చుని అడిగితే మన బ్యాంకూ, మన దుకాణాలూ పేజీ తెరవం పొమ్మంటున్నాయి కదా. అందుకని మీ ఫోను నేరుగా వాళ్లను అడగదు. మన ముందుగదిలో ఉన్న పాత కంప్యూటర్‌ని అడుగుతుంది. అది మీ తరఫున అడిగి, వచ్చినదాన్ని మీకు పంపుతుంది. దుకాణం వాడికి మీరు కనపడరు, మన ఇల్లే కనపడుతుంది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మీతో క్రేను నడిపే ఆయన కూడా పెట్టించుకుంటానన్నాడని రాశారు. వాళ్లావిడకి ఇలా చెప్పమనండి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఒకటి కావాలి. అందులో ప్రాక్సీ ప్రోగ్రాం వేసి దానికో పోర్టు నంబరు ఇవ్వాలి, ఇంటికి ఫలానా తలుపు అన్నట్టు. బయటి నుంచి ఆ నంబరుకి ఏదొచ్చినా ఈ కంప్యూటర్‌కే పంపమని రౌటర్‌లో పెట్టాలి. తర్వాత ఆయన తన ఫోన్లో వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి, ప్రాక్సీ అన్నచోట ఐపీ అడ్రసూ, అంటే ఇంటర్నెట్టులో ఇంటికుండే అడ్రసూ, ఆ పోర్టు నంబరూ వేసుకోవాలి. పాస్‌వర్డ్ మాత్రం మొదటే పెట్టమనండి. నేను పెట్టకుండా వదిలేస్తే మర్నాటికల్లా ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మన ఇంటి అడ్రసు మీద ఎక్కడెక్కడో తిరిగొచ్చారు. మా ఆఫీసులో నెట్‌వర్క్ చూసే ఆయనకి చెబితే, తలుపులు బార్లా తీసి ఊరెళ్లినట్టుంది మీ వ్యవహారం అని నవ్వాడు.

క్రితం వారం రెండు రోజులు ఎందుకు ఆగిపోయిందని అడిగారు. అక్క స్విచ్ తీసేసింది. ఇంట్లో మనిషే లేనప్పుడు అదెందుకు ఊరికే తిరగడం అనుకుంది.

మీరేం చూస్తున్నారో నాకు తెలుస్తుందా అని కూడా రాశారు. దొంగ పని చేస్తూ అడిగినట్టుంది ఆ ప్రశ్న. ఏ దుకాణానికి వెళ్లారో ప్రాక్సీలో తెలుస్తుంది. లోపల ఏం చూశారో తెలియదు, అవన్నీ తాళం వేసిన పేజీలు. కానీ మీరొకటి మరిచారు. ఆ దుకాణాల లెక్కలో అడిగింది మన ఇల్లు. అందుకని ప్రకటనలన్నీ నా ఫోనుకి వస్తున్నాయి. ఉల్లిపాయల ధర చూడబోతే ఉయ్యాల వస్తుంది. వార్తలు తెరిస్తే బొటనవేలంత మేజోళ్లు. నాకు చెప్పకుండా తెప్పించి ఆశ్చర్యపరుద్దామనుకున్నారు, అంతేగా? మొన్నటి నుంచి ఒకే ఉయ్యాల వస్తోంది. తెల్ల చెక్కది, పక్కన చిన్న గంట ఉంది. దాన్నే ఖాయం చేసుకున్నట్టున్నారు.

అది కొనకండి.

అక్క స్విచ్ తీసేసిన ఆ రెండు రోజులూ నేను ఆసుపత్రిలో ఉన్నాను. బిడ్డ దక్కలేదండీ. ఆఫీసులో కూర్చుని ఉండగా నొప్పి మొదలైంది, అక్క వచ్చి తీసుకెళ్లింది, అంతా అయిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ అంది. నేను తలూపాను. ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి ఆరేసిన బట్టలు తెచ్చి మడతపెట్టాను. ఇప్పుడు ఆఫీసుకి వెళ్తున్నాను, తింటున్నాను, ఎవరైనా జోకు వేస్తే నవ్వుతున్నాను కూడా. అక్కకి నన్ను చూస్తే భయమేస్తోంది.

"ఒక్కసారి ఏడిచెయ్యవే తల్లీ" అంటుంది.

ఏడుపు నా చేతిలో ఉందా?

మీకు ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ దుకాణాలు మీకు తెరుచుకోకుండా చేయడం నాకు నిమిషం పని, ప్రాక్సీలో వాటి పేర్లు రాసి అడ్డు పెడితే చాలు. అదీ చేయలేదు. మీరక్కడ కూర్చుని ఉయ్యాలలు వెతుకుతున్నంతసేపూ బిడ్డ ఎక్కడో ఒకచోట ఉన్నట్టే అనిపించింది. మీ దగ్గరైనా కొన్నాళ్లు ఉండనీ అనుకున్నాను. అది మిమ్మల్ని మోసం చేయడమే, నాకు తెలుసు. తిట్టండి, పడతాను.

సెలవు దొరకదని మాత్రం రాయకండి. మీ సూపర్‌వైజరు కాళ్లే పట్టుకుంటారో, తగువే పెట్టుకుంటారో మీ ఇష్టం, రండి. వచ్చి ఏం చేయాలని అడక్కండి. ఓదార్చమని నేను అడగడం లేదు. మీ మొహం చూస్తేనన్నా నాకు ఏడుపొస్తుందేమో.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
మీ ఇంటావిడ